క్విక్సాటిక్ అనే ముందు

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు వ్యాసం చదివాను. కుదురుగా రాశావు. కానీ కట్టి వాడకుండా వదిలేసిన మార్కెట్ భవనాన్ని ‘క్విక్సాటిక్’ అన్నావు. పనికిరానిదల్లా క్విక్సాటిక్ కాదమ్మా. ఆ మాట మనిషికీ, అతని ఆశయానికీ, తలపెట్టిన పనికీ చెల్లుతుంది. ఉద్దేశం గొప్పదై ఉండాలి, లోకం తీరు పట్టనిదీ అయి ఉండాలి. లాభం కోసం వేసిన పిచ్చి పథకాన్ని అలా అనరు. భవనానికి ‘ఇంప్రాక్టికల్’ చాలు.

ఈ మాట పుట్టింది స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ నవల ‘డాన్ కిహోటే’ నుంచి. తొలి భాగం 1605లో, రెండోది 1615లో వచ్చాయి. లా మాంచా ప్రాంతంలో యాభై ఏళ్ల పెద్దమనిషి ఒకడు వీరగాథలు చదివీ చదివీ, తానే వీరుడినని గుర్రమెక్కి బయల్దేరతాడు. పేరును స్పానిష్‌లో కిహోటే అన్నా, విశేషణాన్ని ఇంగ్లీషువాళ్లు క్విక్సాటిక్ అనే పలుకుతారు. నువ్వూ అలాగే పలుకు.

గాలిమరలను రాక్షసులనుకుని వాటి మీదికి దూకిన ఘట్టం అందరికీ తెలుసు. అక్కడ దెబ్బ తగిలింది అతనికీ గుర్రానికీ. నువ్వు నాలుగో అధ్యాయం చదవాలి. ఒక యజమాని తన దగ్గర పనిచేసే కుర్రాణ్ని చెట్టుకు కట్టి బెల్టుతో కొడుతుంటాడు. కిహోటే అడ్డుపడి కట్లు విప్పిస్తాడు, బాకీ జీతం ఇస్తానని యజమాని చేత ఒట్టు వేయించుకుంటాడు, తృప్తిగా వెళ్లిపోతాడు. అతను కనుమరుగు కాగానే యజమాని కుర్రాణ్ని మళ్లీ కట్టి చచ్చేట్టు కొడతాడు. చాలా అధ్యాయాల తర్వాత ఆ పిల్లాడు ఎదురై, నన్ను ముక్కలు చేస్తున్నా సరే ఇంకెప్పుడూ సాయానికి రావద్దని వేడుకుంటాడు. నాకు ఆ నవలంతటిలో మనసు కలచివేసేది ఇదే. కిహోటే చేసింది న్యాయమే, దాని ఫలితం మాత్రం పిల్లాడి వీపు మీద పడింది. ఆ విశేషణంలో మెచ్చుకోలూ మందలింపూ కలిసి ఉండటానికి కారణం ఇదేనని నా నమ్మకం.

సెర్వాంటెస్ ధైర్యాన్ని ఎగతాళి చేసే మనిషి కాడు. 1571లో లెపాంటో యుద్ధంలో ఆయన ఎడమచెయ్యి పనికిరాకుండా పోయింది. తర్వాత అల్జీర్స్‌లో ఐదేళ్లు బందీగా ఉండి, తప్పించుకోవాలని పదేపదే ప్రయత్నించాడు.

ఇంకో జాగ్రత్త. పని సాగుతుండగానే ఈ మాట అనేస్తే, ఓడిపోతుందని ముందే తీర్పు చెప్పినట్టే. బీహార్‌లోని గెహ్లౌర్‌లో దశరథ్ మాంఝీ సుత్తి, ఉలి పట్టుకుని కొండను తొలిచి దారి వేశాడు. 1960లో మొదలుపెట్టినప్పుడు ఎవరైనా క్విక్సాటిక్ అనే రాసేవారు. 1982లో దారి పూర్తయ్యాక ఆ మాటకు చోటు లేదు.

నీ వ్యాసం చివర, సొంత జీతంతో పుస్తకాలు కొని ఊరూరా తిప్పుతున్న మాస్టారికీ ఇదే విశేషణం వాడావు. పిల్లలు ఆ పుస్తకాలు తీసుకెళ్లి చదువుతున్నారో లేదో ముందు కనుక్కో. చదువుతుంటే ఆ మాట కొట్టేసి, వాళ్లేం చదువుతున్నారో రాయి. మార్చిన ప్రతి నాకు పంపు.

ఇట్లు,
మీ తాతయ్య