చిప్పుల పరీక్షలో ప్రతిజ్ఞావాక్యము

1994వ సంవత్సరమున అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యులు థామస్ నైస్లీ, కవల ప్రధాన సంఖ్యలపై లెక్కలు చేయుచు ఒక వింతను కనుగొనిరి. ఇంటెల్ వారి పెంటియం చిప్పు కొన్ని భాగహారములను తప్పుగా చేయుచుండెను. 41,95,835ను 31,45,727తో భాగించినచో 1.333820 రావలసియుండగా 1.333739 వచ్చినది. చిప్పులోని ఒక పట్టికలో ఐదు గడులయందు ఉండవలసిన విలువలు లేకపోవుటయే కారణము. ఇందువలన ఆ సంస్థకు 47 కోట్ల 50 లక్షల డాలర్ల భారము పడినది.

అంత పెద్ద సంస్థ పరీక్షింపలేదా? పరీక్షించినది. కాని పరీక్షకు ఒక హద్దు కలదు. 32 బిట్ల సంఖ్యలను రెంటిని కూడు భాగమునకు ఈయదగిన జతలన్నిటిని, సెకనుకు నూరు కోట్ల చొప్పున పరీక్షించినను, సుమారు 585 సంవత్సరములు పట్టును. కొన్నిటినే ఏరుకొనక తప్పదు. ఏరనివానిలో దోషము దాగియుండవచ్చును.

అందుచే రూపకర్తలు మరియొక మార్గము పట్టిరి. చిప్పు ఎల్లప్పుడు పాటింపవలసిన నియమమును వాక్యముగా వ్రాసి, దానిని నిరూపింపజూతురు. ఇట్టి వాక్యమునకు ఇంజనీర్లు 'అసర్షన్' అందురు. న్యాయశాస్త్రమున అనుమానవాక్యములలో మొదటిది ప్రతిజ్ఞ గనుక, మేము దీనిని ప్రతిజ్ఞావాక్యమనుచున్నాము.

ఘంటసాల, చల్లపల్లి వైపునుండి వచ్చు మా విద్యార్థులకు కాలువ లాకును చూపిన చాలును. ఎగువ నొక తలుపు, దిగువ నొక తలుపు, నడుమ పడవ నిలుచు చోటు. "రెండు తలుపులును ఏ క్షణమునను ఒక్కమారే తెరచియుండరాదు" అనునది ఒక ప్రతిజ్ఞ. "పడవ వచ్చినచో ఎప్పటికైనను తలుపు తెరువబడవలెను" అనునది రెండవది. మొదటిది కీడు జరుగరాదనును, రెండవది మేలు జరిగితీరవలెననును. కాలముతో ముడిపడిన ఇట్టి వాక్యములను ప్రోగ్రాములకు తర్కబద్ధముగ అన్వయించు దారిని 1977లో ఆమిర్ ప్నూలీ చూపిరి. యంత్రము పొందగల స్థితులన్నిటిని కంప్యూటరే వెదకి వాక్యమును సరిచూచు పద్ధతికి క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్ 2007వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి పొందిరి. నియమము తప్పినచో, ఏ వరుసన తప్పెనో అడుగడుగును ఆ పద్ధతి చూపును. పెద్ద చిప్పులలో స్థితులు మితిమీరును గనుక భాగములుగ విడదీసి నిరూపింతురు.

అయితే రెండవ ప్రతిజ్ఞలో ఒక మోసము కలదు. పడవయే రానిచో? తలుపు తుప్పుపట్టి కదలకున్నను ఆ వాక్యము అబద్ధము కాదు. మన డెల్టా కాలువలలో సరకుల పడవలు నిలిచిపోయి దశాబ్దములు గడచినవి. నాటినుండి ఏ లాకునను ఈ నియమము ఒక్కసారియు తప్పలేదు! ఇట్టి శూన్యసత్యమును చూచి తెరపై "నిరూపితము" అని వచ్చినదని మురిసినచో, చెడిన చిప్పు కొలిమికి పోవును. కావున "పడవ ఒక్కసారియైనను రాగలదా?" అని వేరుగ అడిగి చూడవలెను.

ఈ పనికై హైదరాబాదు, బెంగుళూరులకు పోవు విద్యార్థులకు సర్క్యూట్లు మాత్రమే వచ్చిన చాలదు. భాషాబోధకులమైన మేము ఈ విషయమున తలదూర్చుటకు కారణమిదియే. యంత్రము నిరూపించునది మనము వ్రాసిన వాక్యమునే గాని మన మనసులోని మాటను కాదు. నిర్దేశపత్రములో "కోరిక వచ్చిన తరువాత అనుమతి ఈయవలెను" అని ఉన్నదనుకొందము. తరువాతి గడియారపు టిక్కుననా, పది టిక్కులలోపలనా, ఎప్పటికైననా? కలము పట్టకముందే వ్రాసినవానిని అడుగవలెను.