ఆటల గురువునకై ఒక దేశము వగచుట

1931 సంవత్సరము మార్చి 31 తేదీ మంగళవారమునాడు, ఉదయము పదిగంటలు దాటిన పిమ్మట, అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కాన్సాస్ రాష్ట్రమున బజార్ అను పల్లెకు సమీపమున ఒక విమానము కూలెను. పేరు బజారే గాని అచట అంగళ్ళ వరుసలు లేవు. చుట్టును గడ్డిమెట్టలు, మేయు పశువులు, అక్కడక్కడ నొక రైతు ఇల్లు, అంతియే. విమానములోని ఎనమండుగురును ఆ బయళ్ళలోనే ప్రాణములు విడిచిరి. వారిలో నొకడు నూట్ రాక్నీ. అతనికప్పుడు 43 ఏండ్లు. అతడు మంత్రి గాడు, సేనాని గాడు. ఇండియానా రాష్ట్రములో సౌత్ బెండ్ పట్టణమునొద్దనున్న నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమున విద్యార్థులకు బంతియాట నేర్పు గురువు. మన డ్రిల్లు మాష్టరుగారి వంటి యుద్యోగమనుకొనవచ్చును. అట్టివాని మరణము జాతికే నష్టమని దేశాధ్యక్షుడు హూవరు అతని భార్యకు సంతాపసందేశము పంపెను. నార్వే దేశపు రాజు అంత్యక్రియలకు తన ప్రతినిధిని పంపెను. అతనిని ఒక్కమారైన చూడని కూలివారు వీథులలో నిలిచి కంటనీరు పెట్టుకొనిరి. ఇది ఎట్లు సంభవించెను? ఆటలలో నంత యేమున్నదని మన పెద్దలు కొందరడుగుదురు గనుక, ఈ ప్రశ్నను విచారించుట యుక్తము.

బాలబాలికలారా, మొదట ఆ యాటనుగూర్చి ఒక మాట. వారు ఫుట్‌బాలు అనునది మీరు సాయంకాలము మన మైదానమున నాడు కాలిబంతి గాదు. బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురుందురు. బంతిని చేతపట్టి పరుగెత్తుదురు, ఎదిరిని భుజములతో త్రోసి పడవేయుదురు. 1906 వరకు బంతిని ముందునకు విసరుట నిషిద్ధము. అందుచే బలముగలవారు గుంపుగా నొకరిపై నొకరు పడుటయే యాటయై, గాయములును మరణములును గలుగుచుండెను. ఆ నిషేధమును తొలగించిన తరువాతకూడ పెక్కు కళాశాలలవారు క్రొత్త పద్ధతిని లెక్కచేయలేదు. దానిని లెక్కచేసినవారిలో రాక్నీ యొకడు.

అతడు 1888 మార్చి 4 తేదీన నార్వేలోని వాస్ అను ఊర జన్మించెను. తండ్రి బండ్లు చేయువాడు. 1893 లో చికాగోలో జరిగిన ప్రపంచప్రదర్శనమునకు తాను చేసిన బండిని తెచ్చి, పిదప కుటుంబమును గూడ ఆ నగరమునకే రప్పించుకొనెను. పిల్లవాడికప్పుడు అయిదేండ్లు. భాష వేరు, బీదతనము తోడు. పెరిగినవెనుక రాక్నీ చికాగో తపాలా కార్యాలయమున కొన్ని యేండ్లు కొలువుచేసి, రూకలు కూడబెట్టి, 22 ఏండ్ల వయస్సున, అనగా సాటివారు పట్టము పుచ్చుకొని పోవు ప్రాయమున, కళాశాలలో ప్రవేశించెను. తెలివిగల విద్యార్థి. అతడు చదివినది ముఖ్యముగా రసాయనశాస్త్రము. 1914 లో పట్టభద్రుడై, నియోప్రీన్ అను కృత్రిమ రబ్బరునకు దారితీసిన పరిశోధనలు చేసిన జూలియస్ న్యూలండ్ ఆచార్యుని క్రింద ఆ శాస్త్రమునే బోధించుచు, సాయంకాలములందు ఆట నేర్పుచుండెను. ఆటగాడనిన మందబుద్ధి యని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

విద్యార్థిగా నున్నప్పుడు, 1913 వేసవిలో, అతడును గస్ డొరై అను మిత్రుడును ఈరీ సరస్సు తీరమున సెలవుల కొలువులో చేరి, తీరిక దొరకినప్పుడెల్ల ఇసుకమీద బంతిని విసరుటయు పట్టుటయు అభ్యసించిరి. ఆ సంవత్సరము నవంబరు 1 తేదీన బలవంతులని పేరుపడిన వెస్ట్ పాయింట్ సైనికవిద్యాలయమువారిని 35-13 గెలుపులతో ఓడించిరి. ఇండియానాలోని చిన్న కళాశాల పేరు తూర్పు నగరములకు బాగుగా తెలియుట ఆనాడే. తరువాత 1918 మొదలు 1930 వరకు పదుమూడు ఋతువులు రాక్నీ ప్రధాన శిక్షకుడుగా నుండెను. 105 పందెములు గెలిచి, 12 మాత్రమే ఓడి, 5 సరిసమానముగా ముగించెను. 1929 లో కాలి నరము వాచి మంచమున పడినప్పుడు చక్రముల కుర్చీలో మైదానమునకు వచ్చి ఆటను నడపెను. ఆ యేడును మరుసటి యేడును అతని జట్టు ఒక్కమారును ఓడలేదు.

అయితే లెక్కల నిమిత్తమై ఎవరును ఏడ్వరు. మూలకారణము వేరొకటి కలదు. నోటర్ డేమ్ కతోలిక మతస్థుల విద్యాలయము. ఆ కాలమున ఐర్లండు, ఇటలీ, పోలండు దేశములనుండి వచ్చిన బీద కతోలికులు గనులలోను కర్మశాలలలోను పనిచేయుచు, చాల తావుల పరాయివారుగా చూడబడుచుండిరి. ఇండియానా రాష్ట్రములోనే కూ క్లక్స్ క్లాన్ అను ద్వేషసంఘము మిక్కిలి బలిసియుండెను. 1924 మే నెలలో ఆ సంఘమువారు సౌత్ బెండునకు రాగా విద్యార్థులకును వారికిని వీథులలో కొట్లాటయే జరిగెను. పొరుగు రాష్ట్రముల పెద్ద విశ్వవిద్యాలయముల క్రీడామండలిలో ఈ కళాశాలకు చోటు దొరకలేదు. కావున రాక్నీ తన జట్టును రైలెక్కించి తూర్పున న్యూయార్కు, పడమట లాస్ ఏంజెలిస్ వరకును తీసికొనిపోయి ఆడించెను. నిరాకరణమే వారికి దేశమంతటను బంధువులను సంపాదించి పెట్టెను! కళాశాల గడప త్రొక్కని శ్రామికులు న్యూయార్కులో భూగర్భపు రైలెక్కి వచ్చి, ఈ జట్టు తమదే యని కేకలు వేసిరి. వారిని జనులు ఆ రైలు పేరుతోనే ఆ కళాశాల పూర్వవిద్యార్థులని పరిహాసముగా, ప్రేమగాను పిలిచిరి. వారి దృష్టిలో రాక్నీ తమవలె ఓడదిగి వచ్చినవాడు, తమవలె కొలువుచేసినవాడు. వారమంతయు తలవంచి పనిచేసినవాడు శనివారము సాయంకాలము పందెపు ఫలితము విని తలయెత్తుకొనుచుండెను. ఆ శనివారము పోయెనని వారి దుఃఖము.

దుర్దినమున రాక్నీ కాన్సాస్ సిటీలో విమానమెక్కి లాస్ ఏంజెలిస్‌కు పోవుచుండెను. నోటర్ డేమ్ ఆటనుగూర్చి తీయనున్న చలనచిత్రమునకు సలహా చెప్పుట ఒక పని. అతని కుమారులిద్దరు కాన్సాస్ సిటీ పాఠశాలలో చదువుచుండిరి. వార్త రేడియోలోను పత్రికల ప్రత్యేక ప్రతులలోను దావానలమువలె వ్యాపించెను. శవపేటికను రైలుమీద తెచ్చునప్పుడు చికాగో స్టేషనులో వేలకొలది జనులు గుమిగూడిరి. అంత్యక్రియలు ఏప్రిల్ 4 శనివారమున, ఈస్టరు పండుగకు ముందునాడు, విశ్వవిద్యాలయపు దేవాలయమున జరిగెను. లోపల పట్టినవారు సుమారు పదునాలుగు వందలు. తక్కినవారు వెలుపల నిలిచిరి. అధ్యక్షుడగు ఓడొనెల్ గురువు ప్రసంగించెను. రేడియోసంస్థ దానిని దేశమంతటికి వినిపించెను. శిష్యులారుగురు పేటికను మోసిరి. గత యేట ఓటమి యెరుగక ఆడిన భుజములవి.

హాస్యరచయిత విల్ రోజర్సు, సర్వజనులు జాతిమతభేదములు లేక తల యూచి విచారించుటకు గొప్ప రాజపురుషుడే మరణించవలెనని తాము తలచియుంటిమనియు, ఈ గురువునకై దేశమదే చేసెననియు వ్రాసెను. నాలుగేండ్లకు 1935 లో అతడును విమానము కూలియే మరణించెను.

ఇక శోకములోని లోపములనుగూడ చెప్పవలెను. శోకము కథలు కల్పించును. జార్జి గిప్ అను శిష్యుడు 1920 డిసెంబరులో గొంతువ్యాధిచే మరణించెను. ఎనిమిదేండ్ల తరువాత సైనికవిద్యాలయపు జట్టుతోడి పందెమున రాక్నీ తన పిల్లలతో, గిప్ మరణశయ్యపై ఒక కోరిక కోరెననియు, జట్టు కష్టదశలో నున్నప్పుడు తనకొరకు గెలువుడని పిల్లలకు చెప్పుమనెననియు చెప్పెనట. 12-6 గెలుపు లభించెను. గిప్ నిజముగా అట్లనెనా యని చరిత్రకారులు పలువురు సందేహించిరి. 1940 లో వెలువడిన చలనచిత్రమున గిప్ పాత్రను రోనాల్డ్ రీగన్ ధరించెను. ఆయన 1981 లో దేశాధ్యక్షుడాయెను. కథ మనోహరమే. అయినను మాటలతో మనస్సులను కదలించుట రాక్నీకి నిత్యవృత్తి యని చదువరులు మరువరాదు. నేనాతనిని మెచ్చుకొందును గాని, ప్రతిమాటకు సాక్షిని కాజాలను.

శోకము మరియొక తప్పును గూడ చేసెను. కూలినచోటికి పరుగెత్తి వచ్చినవారు జ్ఞాపకార్థమని విమానపు ముక్కలను ఎత్తుకొనిపోయిరి. విచారణకు వచ్చిన యధికారులకు చాల భాగములు కనబడలేదు. భక్తితో తీసినవారే సత్యమును మరుగుపరచిరి! మరియు ఆనాడు మృతులు ఎనమండుగురు గదా. తక్కిన యేడుగురి యిండ్లలో ఎట్టి రోదనము పుట్టెనో పత్రికలు కొలదిగానే వ్రాసెను.

అయినను ఆ జనశోకము వ్యర్థముగా పోలేదు. అంతకుముందు విమానప్రమాదముల విచారణఫలితములను ప్రభుత్వము గోప్యముగా నుంచుట వాడుక. ఈమారు జనులు ఊరకుండలేదు, కారణము చెప్పుడనిరి. ఆ విమానము ఫోకర్ ఎఫ్-10. దాని రెక్కలు కొయ్యతో నిర్మింపబడినవి. పలుచని చెక్కపలకలను జిగురుతో నతికించిరి. తడి లోనికి దిగిన అతుకు సడలును, బయట రంగు మెరయుచుండుటచే లోపము కంటికి కనబడదు. మొదట మంచు పేరుకొనుటయే హేతువని తలచిరి. పిమ్మట దృష్టి రెక్కమీదికి మరలెను. ఆకాశముననే రెక్క విరిగి పడినది. మే నెలలో ఆ జాతి విమానములను కొంతకాలము ఎగురనీయక, కఠినమైన తనిఖీ నిర్బంధించిరి. ప్రయాణికులకు కొయ్యరెక్కపై నమ్మకము పోయెను. మరుసటి యేడు అదే విమానసంస్థ పూర్తిగా లోహముతో చేసిన విమానము కావలెనని కోరగా, డగ్లస్ కర్మశాల 1933 లో డీసీ-1 ను నిర్మించెను. ఆ వంశమున పుట్టినదే డీసీ-3. దీనినే మనవారు డకోటా యనిరి. హైదరాబాదులోని బేగంపేటనుండి నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్ విమానములు ఇవియే. వానిలో ప్రయాణముచేసిన మన తాతలలో ఎందరికి కాన్సాస్ గడ్డిబయళ్ళ సంగతి తెలియును?

కూలినచోట రాతిస్తంభము నొకటి నిలిపిరి. దానిపై ఎనమండుగురి పేర్లును చెక్కబడినవి. రాక్నీ పేరు మాత్రమే గాక తక్కినవియు నుండుట నాకు తృప్తి కలిగించినది. ఆ బయలు సొంతదారుల భూమి. దారి తెలిసినవారు తోడురానిదే వెదకుట కష్టము. ప్రమాదదినమున అక్కడికి పరుగెత్తిన వారిలో పొరుగు కమతపు బాలుడొకడుండెను. వయస్సు పదుమూడేండ్లు. అతడు పెద్దవాడై, ముసలివాడై, దూరమునుండి వచ్చిన యాత్రికులను ఆ స్తంభమునొద్దకు తోడుకొనిపోయి, ఆ యుదయమున తాను చూచినది చెప్పుచుండెను. 2008 లో అతడు మరణించు వరకు ఈ పని విడువలేదు.