పారాయణము - ఊపిరి

ఏకాదశినాడు దేవాలయ మంటపములో శ్రీవిష్ణుసహస్రనామ గోష్ఠి ఆరంభమైనపుడు అందరి కంఠములును గంభీరముగనే యుండును. మూడువందల నామములు దాటునప్పటికి పెద్దలలో కొందరు దగ్గుదురు; కొందరు పెదవులు మాత్రమే కదలింతురు. "మా గొంతు మంచిది కాదండీ" యని పిమ్మట చిన్నబుచ్చుకొందురు. ఎక్కువమందికి దోషము గొంతులో లేదు, ఊపిరిలో నున్నది.

పాణినీయశిక్ష శబ్దోత్పత్తిని ఇట్లు వివరించుచున్నది. మనస్సు దేహాగ్నిని కదలించును. అగ్ని వాయువును ప్రేరేపించును. ఆ వాయువు వక్షమున సంచరించుచు మంద్రస్వరమును పుట్టించును. కంఠము, తాలువు, దంతములు, ఓష్ఠములు తరువాతివి. చెరువున నీరు నింపక తూమును నిందించిన నేమి ఫలము?

పాఠశాలలో నుండగా గట్టిగా చెప్పుటయే బాగుగా చెప్పుట యని నేను భ్రమించితిని. ఒక ధనుర్మాసమున గొంతు పూర్తిగా పోయినది. అధ్యాపకులు మందీయలేదు. నా చేతిని నా ఉదరముపై నుంచి, "గాలి పీల్చినపుడు ఇది పొంగుచున్నదో, భుజములు లేచుచున్నవో చూచుకోరా" అనిరి. భుజములే లేచుచుండెను. భుజములు లేచిన మెడ బిగియును. మెడ బిగిసిన స్వరము నలుగును. గొంతు కుదుటపడు వరకు నాకు సంథ లేదు. మెల్లగా గాలి విడుచుటయే నా పాఠము. తోటివారు నవ్విరి. నాకును అవమానముగనే తోచినది.

అధమపాఠకుల పట్టికలో శిక్షాకారుడు అల్పకంఠుని చేర్చెను. పెద్దవారు దీనికి నొచ్చుకొన పనిలేదు. త్వరపడి చదువువాడును ఆ పట్టికలోనే యున్నాడు. ఆ త్వరయే పలువురిని అల్పకంఠులను జేయునని నా అభిప్రాయము.

కావున నిటారుగా కూర్చుండి, భుజములు జారవిడిచి, పండ్లు కఱచిపట్టక, నాలుకను వదులు చేసి, నాలుగైదు మారులు దీర్ఘముగా గాలి విడువుడు. విడిచిన పిదప లోనికి దానంతట అదే వచ్చును. సహస్రనామ శ్లోకములు అనుష్టుప్పులు గదా. పాదమునకు 8 అక్షరములు, అర్ధశ్లోకమునకు 16. ఊపిరి తీయుటకు చోటు ఆ 16 అక్షరముల చివరనే. నామమును నడుమ విరువరాదు. గొంతు అలసినపుడు గుసగుసగా చదువుట విశ్రాంతి యనుకొనరాదు, అదియు శ్రమయే. మౌనముగా వినుట మేలు. మూడు వారములైనను బొంగురు తగ్గనిచో వైద్యునికి చూపవలెను.

గోష్ఠిలో నున్నవారికి మరియొక సౌకర్యము కలదు. ఆయాసము వచ్చిన చోట సిగ్గుపడక ఆగవచ్చును. ప్రక్కవారు చదువుచునే యుందురు. మీరు ఊపిరి తీసికొని తరువాతి అర్ధశ్లోకమున అందుకొనుడు. అప్పటికి వారికిని ఊపిరి కావలసివచ్చును.