కీర్తియు ఘనతయు

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 2:12–36, 4:12–22, 12:1–5



కీర్తి, ఖ్యాతి, పేరు, పరువు, ఘనత అను మాటలను మనము ఇంచుమించు ఒక్క అర్థముతోనే వాడుచుందుము. అయితే వాటి మూలములు ఒక్కటి కావు. కీర్తి, కీర్తన అను రెండును ఒకే సంస్కృత ధాతువునుండి పుట్టినవి. నోటితో చెప్పుట, పొగడుట అని దాని భావము. ఖ్యాతియు అట్టిదే, తెలియజెప్పుట అను ధాతువునుండి వచ్చినది. కాబట్టి కీర్తి మనయొద్ద ఉండునది కాదు, ఇతరుల నోట ఉండునది. ఆ నోరు తిరిగిననాడు అదే అపకీర్తి యగును. ఇక పరువు అను మాట మన ఊళ్లలో అది పోవునప్పుడే ఎక్కువగా వినబడును!

ఘనత వేరు. ఘనము అనగా గట్టిది, దట్టమైనది. కళ్లములో తూర్పారబట్టునప్పుడు గట్టి గింజ దగ్గరనే పడును, తాలు దూరము పోవును. దూరము పోయినంత మాత్రమున తాలును ఎవరును ధాన్యమనరు గదా. హెబ్రీ భాషలో ఘనతకును మహిమకును వాడబడిన "కాబోద్" అను మాటయు, బరువు అను అర్థము గల ధాతువునుండియే పుట్టినది. ఏలీ ఇంటి చరిత్రలో ఆ మాట ఎట్లు మరల మరల వచ్చుచున్నదో చూడుడి.

ఏలీ షిలోహులో యాజకుడు. 40 సంవత్సరములు ఇశ్రాయేలీయులకు న్యాయము తీర్చినవాడు. అతని కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసులు జనులు తెచ్చిన బలిమాంసమును, క్రొవ్వు దహింపబడకమునుపే, బలవంతముగా తీసికొనుచుండిరి. ఆ మాట ఊరంతయు ప్రాకి తండ్రి చెవిని పడెను. జనులవలన తాను వినుచున్నది మంచిది కాదని అతడు వారిని మందలించెను. న్యాయముగా చెప్పవలెనంటే, దేవునికి విరోధముగా పాపము చేసినవాని గతి యేమని కూడ అడిగెను. కాని మాటతోనే ఆగిపోయెను. వారిని యాజకత్వమునుండి తొలగింపలేదు.

అప్పుడు దైవజనుడొకడు వచ్చి, నీవు దేవునికంటె నీ కుమారులను ఎక్కువగా ఘనపరచితివని చెప్పెను. ఇది ఆ ధాతువే. శ్రేష్ఠమైన నైవేద్య భాగములతో మీరు క్రొవ్వితిరనియు చెప్పెను. తరువాత 4వ అధ్యాయములో, 98 ఏండ్ల ఏలీ పీఠముమీదనుండి వెనుకకు పడి మెడ విరిగి చనిపోయినప్పుడు, అతడు భారీ శరీరము గలవాడని వ్రాయబడినది. అదియు ఆ ధాతువే. ఆ దినముననే ఫీనెహాసు భార్య కుమారుని కని, ప్రాణము విడుచుచు ఈకాబోదు అని పేరు పెట్టెను. ఆ పేరు చివరనున్నదియు ఆ మాటయే. ఆ యింట బరువు మిగిలెను, మహిమ పోయెను. తెలుగులో ఇవి వేరు వేరు మాటలుగా నుండుటచేత మనము గమనింపక చదివిపోవుదుము.

అయినను ఏలీని గూర్చి ఒక మంచిమాట చెప్పవలెను. కుమారులిద్దరు చనిపోయిరని విన్నప్పుడు అతడు పడలేదు. దేవుని మందసము పట్టబడెనని వినగానే పడెను.

ఇది మనకు దూరపు సంగతి కాదు. కోతపండుగ వేలములో వచ్చిన సంఘపు సొమ్ము ఒక పెద్దగారి కుమారునియొద్ద నిలిచిపోయినదనుకొనుడి. మొదట కుళాయియొద్ద గుసగుస పుట్టును, పిమ్మట ప్రక్క ఊరికి ప్రాకును. పెద్దగారు కుమారుని పిలిచి, "ఒరే, మన పరువు పోవుచున్నదిరా" అందురు. ఆ మాటలో దేవుడు ఎక్కడ? కానుక తెచ్చిన విధవరాలు ఎక్కడ? ఆయన దుఃఖపడినది జనుల నోటిని గూర్చియే. గుసగుస ఆగినయెడల ఆయనకు నిద్ర పట్టును, సొమ్ము తిరిగి రాకపోయినను. లెక్క అడిగినవానిని సంఘమునకు శత్రువని అనుటయు అక్కడనుండియే మొదలగును. నా మట్టుకు నేను, అడిగినవాడే ఆ సంఘమునకు మేలు చేసెనని తలంచుచున్నాను.

ఆ షిలోహులోనే పెరిగిన సమూయేలు ప్రవక్తగా స్థిరపడెనని దానునుండి బెయేర్షెబావరకు అందరికి తెలిసెను. దేశమంతట వ్యాపించిన కీర్తియే అది. అతని యింటను దుఃఖము లేకపోలేదు. అతని కుమారులు లంచములు పుచ్చుకొనిరి, పెద్దలు రామాకు వచ్చి ముఖముననే చెప్పిరి. తల నెరసిన తరువాత అతడు జనులయెదుట నిలిచి, నా కుమారులు మీ మధ్యనున్నారని చెప్పి, తన లెక్క తానే తెరచెను: ఎవని యెద్దును తీసికొంటిని? ఎవని గాడిదను పట్టుకొంటిని? ఎవనియొద్ద లంచము పుచ్చుకొంటిని? చెప్పినయెడల తిరిగి ఇచ్చెదననెను. యెహోవాయు, అభిషేకము పొందిన రాజును వినుచుండగా జనులు, నీవు ఎవనియొద్దను ఏమియు తీసికొనలేదని ఉత్తరమిచ్చిరి.