ముందుగా చూడవలసినది పవర్ సప్లై

ప్రశ్న: కంపెనీ బిగించి అమ్మిన గేమింగ్ డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

జవాబు: కొన్ని యంత్రాల్లో సరిపోతుంది, అయితే కార్డు కొనే ముందు పరిశీలించవలసినది పవర్ సప్లై, అంటే ఇంటి ఏసీ విద్యుత్తును కంప్యూటర్ భాగాలకు కావలసిన డీసీగా మార్చే పెట్టె. మదర్‌బోర్డుపై కార్డును గుచ్చే స్లాటు గరిష్ఠంగా 75 వాట్లే అందించగలదు కనుక, అంతకు మించి అవసరమైన కార్డుకు పవర్ సప్లై నుంచి విడిగా తీగ రావాలి. అందులో 6 పిన్నుల తీగ 75 వాట్లను, 8 పిన్నుల తీగ 150 వాట్లను మోయగలవు. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 కార్డు వాడకం 115 వాట్లే అయినా, ప్రాసెసర్ తదితర భాగాల అవసరాన్ని కలుపుకొని, దాన్ని రూపొందించిన ఎన్విడియా 550 వాట్ల పవర్ సప్లైని సూచిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. కొన్ని కంపెనీలు, బజారులో దొరికే పవర్ సప్లైలు పాటించే ఏటీఎక్స్ ప్రమాణాన్ని విడిచి, సొంత ఆకారపు పెట్టెలను, సొంత కనెక్టర్లను వాడతాయి. అటువంటి యంత్రంలో పవర్ సప్లై మార్చాలంటే మదర్‌బోర్డునూ, కొన్నిసార్లు క్యాబినెట్‌నూ మార్చవలసి రావచ్చు. కొనుగోలుదారుకు ముందుగా తెలియని ఈ ఖర్చు నిజంగా అన్యాయమైనది. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో కూడా కొలిచి చూడాలి.

కార్డుతో పాటు ర్యామ్‌నూ చూడండి. అది ఒకే స్టిక్కుగా ఉంటే, అదే రకానికి చెందిన రెండవ స్టిక్కు చేర్చడం చవకైన మేలు, ఎందుకంటే అప్పుడు ప్రాసెసర్‌కు సమాచారం రెండు దారుల్లో అందుతుంది. డీడీఆర్4, డీడీఆర్5 రకాల ర్యామ్ స్టిక్కుల గాడి స్థానాలు వేరు గనుక ఒకదాని చోట మరొకటి అమరదు.