మొదటిసారి మనసు డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు

పంటి నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్తే తరగతిలో అందరికీ చెబుతాం. కంటి పరీక్ష అయితే కొత్త కళ్ళజోడు కూడా చూపిస్తాం. సైకియాట్రిస్ట్ దగ్గరికి అంటే మాత్రం సెలవు చీటీలో 'జ్వరం' అని రాయించుకుంటాం. ఇందులో రెండు భయాలున్నాయి. లోపల ఏం చేస్తారో తెలియని భయం ఒకటి, నలుగురికీ తెలిస్తే ఏమంటారో అన్న భయం ఇంకొకటి. రెండోదాని గురించి పెద్దలు చాలా మాట్లాడతారు. మొదటిదాని గురించి వివరంగా చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత మనసుకు వచ్చే జబ్బుల మీద ప్రత్యేకంగా చదివిన డాక్టర్. మందు రాయగలరు. స్కూల్లోని కౌన్సిలర్, క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో సాయం చేస్తారు, మందులు రాయరు. నిద్ర పట్టకపోవడం, పరీక్ష హాల్లో చేతులు వణకడం, తిండి సయించకపోవడం, వారాల తరబడి దేనిమీదా ఇష్టం లేకపోవడం, ఇలాంటివి తగ్గకపోతే కౌన్సిలరే డాక్టర్‌ను కలవమంటారు. అలా అన్నారంటే మన పని అయిపోయిందని కాదు.

ఆసుపత్రి పేరు వింటేనే గుండె ఝల్లుమనడానికి మన మాటలే కొంత కారణం. హైదరాబాద్‌లో ఎవరినైనా వెక్కిరించాలంటే 'ఎర్రగడ్డ' అంటారు. ఢిల్లీకొస్తే ఆగ్రా, షాహ్‌దరా పేర్లు అదే అర్థంలో వినిపిస్తాయి. షాహ్‌దరాలోని మానసిక వైద్యశాల 1966లో మొదలైంది. సుప్రీంకోర్టు జోక్యం తర్వాత 1993లో అది మారి 'ఇహ్‌బాస్' అయింది. దిల్షాద్ గార్డెన్‌లో ఉంది, మెట్రో రెడ్ లైన్‌లో వెళ్ళొచ్చు. అక్కడ నరాల వైద్య విభాగం కూడా ఉంది. కాబట్టి మన పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు తలనొప్పికో మూర్ఛకో వచ్చి ఉండొచ్చు. ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. సీజీహెచ్ఎస్ కార్డున్న ఇళ్ళవాళ్ళు ముందు తమ వెల్‌నెస్ సెంటర్ డాక్టర్‌ను అడిగి రెఫరల్ రాయించుకోవచ్చు.

ఇక ఆ రోజు ఏం జరుగుతుంది? ఎక్కువ భాగం కూర్చోవడమే. ఓపీడీ చీటీ, వరుస, మళ్ళీ వరుస. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో పొద్దున్నే వెళ్ళినా మధ్యాహ్నం కావచ్చు, కాబట్టి నీళ్ళ సీసా, ఒక పుస్తకం, పులిహోర డబ్బా వెంట ఉంటే మంచిది. ముందు చిన్న డాక్టర్, అంటే రెసిడెంట్, మాట్లాడి రాసుకుంటారు. తర్వాత పెద్ద డాక్టర్ చూడొచ్చు. చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వస్తే విసుక్కోనక్కర్లేదు, పద్ధతే అది. ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఎన్ని గంటలు నిద్ర, ఆకలి ఎలా ఉంది, చదువు మీద ధ్యాస నిలుస్తోందా, ఇంట్లో ఎలా ఉంటారు, స్నేహితులెవరు అని అడుగుతారు. చచ్చిపోవాలని అనిపించిందా అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్న వింటే ఉలిక్కిపడతాం, కానీ అది మనల్ని అనుమానించి అడిగేది కాదు, ఇంచుమించు అందరినీ అడుగుతారు. అలా అనిపించి ఉంటే దాచకూడని జవాబు అదొక్కటే. మిగతావన్నీ మొదటి రోజే చెప్పేయాలని లేదు. 'దీని గురించి ఇంకోసారి చెబుతాను' అనడం కూడా జవాబే. ఒక్కోసారి థైరాయిడ్ వంటి రక్తపరీక్ష రాస్తారు, ఎందుకంటే నీరసం, దిగులు శరీరం వల్లా రావచ్చు. సినిమాల్లో చూపించే కరెంటు షాకు మనందరికీ భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పిల్లలకు ఆ చికిత్సను నిషేధించింది. తప్పనిసరి అని డాక్టర్ భావించినా, తల్లిదండ్రుల సమ్మతీ ప్రత్యేక బోర్డు ముందస్తు అనుమతీ రెండూ ఉండాలి. మత్తు ఇవ్వకుండా ఎవరికీ చేయకూడదని కూడా అదే చట్టం చెబుతోంది.

మనకు మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటుంది: భాష. మన బాధ తెలుగులో ఉంటుంది, డాక్టర్ హిందీలోనో ఇంగ్లిషులోనో అడుగుతారు. వైజాగ్ నుంచి ఫరీదాబాద్‌కో, సికింద్రాబాద్ నుంచి నోయిడాకో సంవత్సరం మధ్యలో వచ్చినవాళ్ళకు 'బెంగ' అంటే చెప్పనక్కర్లేదు. 'బెంగతో జ్వరం తెచ్చుకున్నాడు' అంటారు మన అమ్మమ్మలు. మనసులోది ఒంట్లోకి దిగుతుందని వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, అయినా తెలుసు. 'ఘర్ కీ యాద్' అంటే బెంగలో సగమే వస్తుంది. దిగులు వేరు: ఫలానా ఊరి కోసమో మనిషి కోసమో అని చెప్పలేం, మబ్బు పట్టినట్టు ఉంటుంది. గాభరాలో దడ, తొందర ఉంటాయి, దానికి 'ఘబరాహట్' బాగానే సరిపోతుంది. అన్నీ కలిపి 'టెన్షన్' అనేస్తే డాక్టర్‌కు ఏమీ తెలియదు. కాబట్టి ముందు రోజు ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకుందాం. పేరు తెలియకపోతే ఏం జరుగుతుందో రాస్తే చాలు: రాత్రి రెండింటి దాకా నిద్ర రాదు, ప్రార్థన సమావేశంలో నిలబడితే కళ్ళు తిరుగుతాయి, పాత స్కూలు గ్రూపులో ఫొటోలు చూస్తే ఏడుపొస్తుంది. తర్వాత అమ్మతోనో అక్కతోనో కూర్చుని హిందీలోకి మార్చుకోవచ్చు. గదిలోకి వెళ్ళాక గొంతు పెగలకపోతే ఆ కాగితం ఇచ్చినా తప్పులేదు. అన్నట్టు, అమ్మమ్మ ఫోన్‌లో దిష్టి తీయించుకోమంటే తీయించుకుందాం, పోయేదేమీ లేదు. అపాయింట్‌మెంట్ మాత్రం మానొద్దు.

రెండో భయానికి వద్దాం. టీసీలో పడుతుందేమో అని చాలామంది భయం. టీసీలో చదివిన తరగతి, హాజరు, ఫీజు, ప్రవర్తన వంటి గడులుంటాయి, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళామో రాసే గడి లేదు. వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెప్పింది. అయితే మనం మైనర్లం, అమ్మానాన్నలకు కొన్ని విషయాలు తెలుస్తాయి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే డాక్టర్ తప్పకుండా వాళ్ళకు చెబుతారు. 'నేను చెప్పేది ఇంట్లో ఎంతవరకు చెబుతారు?' అని మొదట్లోనే అడగవచ్చు. ఒంటరిగా మాట్లాడాలని ఉందని కూడా అడగవచ్చు, డాక్టర్లకు ఇది అలవాటే.

మందు రాస్తారా లేదా అన్నది మన సమస్యను బట్టి. రాస్తే దేనికి, ఎన్నాళ్ళు, ఏ ఇబ్బందులు రావచ్చు అని అడిగి తెలుసుకుందాం. దిగులుకు ఇచ్చే చాలా మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదనీ, గుణం కనిపించింది కదా అనీ మనంతట మనం ఆపకూడదు.

నాన్నకు మళ్ళీ బదిలీ అయితే? సామాన్లు సర్దేటప్పుడు ఆ ఫైలు లారీలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి. ఢిల్లీ డాక్టర్‌తో ఒక చిన్న సారాంశం రాయించుకుంటే జోర్హాట్‌లోనో జామ్‌నగర్‌లోనో మళ్ళీ మొదటి నుంచి చెప్పుకునే శ్రమ తగ్గుతుంది. ఊరు మారినా మారని నంబరు 14416. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగనేకూడదు. వెంటనే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పాలి, ఈ నంబరుకు చేయాలి, లేదా పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

వరుసలో కూర్చున్నప్పుడు గుండె దడదడలాడితే అది జబ్బు ముదిరిన గుర్తు కాదు. వైవా ముందు కొట్టుకునే గుండే ఇది. ఊపిరి మామూలుగా తీసుకుని, తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదులుతూ పోతే కొన్ని నిమిషాల్లో దడ కాస్త దిగుతుంది. పూర్తిగా పోకపోయినా ఫర్వాలేదు. లోపలికి వెళ్ళి 'నాకు ఇక్కడికి రావడానికే భయం వేసింది' అని చెప్పడంతో మాట మొదలుపెట్టవచ్చు. అదీ రాసుకోవాల్సిన వివరమే, డాక్టర్ రాసుకుంటారు.