అరటిపండులోని పరమాణువు

విజయవాడ వన్ టౌనులోని కాళేశ్వరరావు మార్కెట్టులో అరటిపండ్లు కొనువారు, వానితోపాటు కంటికి కానరాని కిరణములను గూడ ఇంటికి గొనిపోవుచుందురు. అరటిపండునందు పొటాషియము కలదు. ప్రతి పదివేల పొటాషియము పరమాణువులలో సుమారు ఒకటి అస్థిరమైనది. ఒక్క పండులో సెకనుకు పది పదునైదు పరమాణువులు మార్పుచెంది కిరణములను వెలువరించుచుండును. ఇందులకు భయపడ బనిలేదు. మానవదేహమునందును ఇట్టి పరమాణువులు పుట్టుకనుండియు కలవు.

ఏ పరమాణువు ఎప్పుడు మారునో ఎవ్వరును చెప్పజాలరు. కాని మారునప్పుడు అది ఏ కిరణమును విడుచునో చాలవరకు ముందుగనే చెప్పవచ్చును. ఇది వట్టి వినోదము కాదు. ఆల్ఫా కిరణములను ఒక కాగితము ఆపగలదు. బీటా కిరణములకు అల్యూమినియపు రేకు కావలెను. గామా కిరణములను తగ్గించుటకు మందమైన సీసము వలయును. రానున్న కిరణమెట్టిదో తెలిసిననే గాని, ప్రయోగశాలలలోను వైద్యశాలలలోను పనిచేయువారికి తగిన రక్షణ కల్పించుటకు వీలుపడదు.

ఈ రహస్యము కేంద్రకములోని లెక్కయందున్నది. కేంద్రకమున ప్రోటానులు, న్యూట్రానులు అను రెండు విధములైన కణములుండును. తేలిక పరమాణువులలో ఇవి ఇంచుమించు సమానముగ నున్నచో కేంద్రకము సాధారణముగ నిలకడగా నుండును. న్యూట్రానులు మితిమీరినచో, ఒక న్యూట్రాను ప్రోటానుగా మారి ఎలక్ట్రానును వెలిబుచ్చును. అదియే బీటా కిరణము. 6 ప్రోటానులు, 8 న్యూట్రానులు గల కార్బను ఇట్లే నైట్రోజనుగా మారును. ప్రోటానులు ఎక్కువైనచో, ఒక ప్రోటాను న్యూట్రానుగా మారును. అప్పుడు పాజిట్రాను వెలువడును, లేదా కేంద్రకము తన చుట్టునున్న ఎలక్ట్రానులలో నొకదానిని లోనికి లాగికొనును. యురేనియమువంటి మిక్కిలి బరువైన కేంద్రకములు 2 ప్రోటానులు, 2 న్యూట్రానులు కూడిన ముద్దను విసర్జించును. అది ఆల్ఫా కిరణము. మార్పు పిదప మిగిలిన శక్తి పెక్కుసారులు గామా కిరణముగా వెడలును.

అరటిపండులోని అస్థిర పొటాషియము కథ చిత్రమైనది. దానియందు 19 ప్రోటానులు, 21 న్యూట్రానులు కలవు. రెండును బేసి సంఖ్యలే. కేంద్రకమున కణములు జంటలుగా నున్నప్పుడు నిలకడ హెచ్చు. ఇచట ఒక ప్రోటానును, ఒక న్యూట్రానును జంట లేక మిగిలినవి. న్యూట్రాను ప్రోటానుగా మారినచో 20, 20 అయి కాల్షియమగును. ప్రోటాను న్యూట్రానుగా మారినచో 18, 22 అయి ఆర్గానగును. ఎటు పోయినను జంటలు కుదురును. కావుననే దానికి రెండు త్రోవలు కలవు. నూటికి 89 వంతులు బీటా కిరణమును విడిచి కాల్షియమగును. తక్కిన 11 వంతులు ఎలక్ట్రానును లాగికొని ఆర్గానగును. అప్పుడు సాధారణముగ గామా కిరణము వెలువడును.

ఈ లెక్కకు మూలమైన న్యూట్రానును 1932లో ఛాడ్విక్ కనుగొనెను. ఆయన పిమ్మట లివర్‌పూలు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అచట ఆయనయొద్ద బీటా కిరణములను గూర్చి పరిశోధించినవారిలో ఒక తెలుగు సన్న్యాసి కలడు. ఆయనయే స్వామి జ్ఞానానంద. కృష్ణా డెల్టాకు పొరుగున, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని గొరగనమూడిలో 1896లో జన్మించి, హిమాలయములలో యోగసాధన చేసి, పిదప ఐరోపాకు పోయి భౌతికశాస్త్రము నభ్యసించెను. స్వదేశమునకు మరలివచ్చి 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరి, అచట కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పెను. 1969లో పరమపదించెను.

కణములను లెక్కించి కిరణమును ముందుగ ఊహింపవచ్చును. కాని ఆ ఊహ నిజమో కాదో తేల్చునది ఓపికతో చేసిన కొలతయే. తెలుగునాట విద్యార్థులు తమ విశ్వవిద్యాలయముననే అట్టి కొలతలు చేయుటకు జ్ఞానానంద త్రోవ చూపెను.